కణాలు దొరికాయి, నెత్తురు దారే ఇరుకు: పళ్లు, దవడల మరమ్మతులో మూలకణాలు

క్లుప్తంగా: పంటి లోపలుండే మెత్తటి గుజ్జులో మూలకణాలు ఉన్నాయని తెలిసి పాతికేళ్లు దాటింది. పిల్లల్లో దెబ్బ తగిలి చచ్చిపోయిన పంటి గుజ్జును మళ్లీ పెంచడంలో నమ్మదగిన ఫలితాలు వచ్చాయి. చిగుళ్ల జబ్బులో, దవడ ఎముకలో ఫలితాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. పూర్తి పన్నును మనిషి నోట్లో ఇంతవరకు ఎవరూ మొలిపించలేదు. చాలాచోట్ల పని ఆగుతున్నది కణాలు దొరక్క కాదు, పెట్టిన కణాలకు రక్తం అందక.

"పోయిన పళ్లు మళ్లీ మొలుస్తాయి" అన్న శీర్షిక వార్తల్లో తరచూ కనిపిస్తూనే ఉంటుంది. ఒకసారి అది జపాన్‌లో ఇస్తున్న ఇంజెక్షన్ గురించి, ఇంకోసారి లండన్ ల్యాబ్‌లో తయారైన జెల్ గురించి, మరోసారి పందుల దవడల్లో పెరిగిన పళ్ల గురించి. అన్నిటికీ కలిపి "స్టెమ్ సెల్స్" అని ఒకే పేరు తగిలిస్తారు. నిజానికి ఇందులో మూడు వేర్వేరు పనులున్నాయి. ఒంట్లో ఉన్న కణాలను ఉన్నచోటే పనిలోకి దించడం ఒకటి. కణాలను బయట పెంచి తెచ్చి పెట్టడం రెండోది. మొత్తం పన్నునో ఎముకనో తయారుచేసి అమర్చడం మూడోది. మొదటిది కొన్ని దంతవైద్యశాలల్లో ఇప్పటికే జరుగుతోంది. రెండోది మనుషులపై పరీక్షల దశలో ఉంది. మూడోది, పంటి విషయంలో, జంతువుల దగ్గరే ఆగింది. ఏ వార్త దేని గురించో విడదీసి చూస్తే సగం గందరగోళం తీరిపోతుంది.

పన్నూ దవడా ఒకే ఇంటివి

ఇంకా ఫలానా పని అని ఖాయం కాని కణమే మూలకణం. అది తనలాంటి కణాలను పుట్టించగలదు, అవసరాన్ని బట్టి ఎముక కణంగానో కొవ్వు కణంగానో మారగలదు. తొలిదశ పిండంలోని మూలకణాలు ఒంట్లోని ఏ కణంగానైనా మారతాయి. పుట్టాక ఒంట్లో మిగిలే వాటికి అంత స్వేచ్ఛ ఉండదు. దంతవైద్యంలో మనుషులపై పరీక్షిస్తున్నవి ఈ రెండో రకమే.

2000లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు జ్ఞానదంతాల గుజ్జులో ఇలాంటి కణాలున్నాయని చూపించారు. పాలపళ్ల సంగతి మాత్రం ఇంట్లో బయటపడింది. ఆ బృందంలోని సోంగ్‌టావో షీ, తన కూతురికి ఊడిన పాలపన్ను లోపల ఇంకా ఎర్రటి కణజాలం అంటుకుని ఉండటం గమనించారు. ఆ తర్వాత ఊడిన పన్ను నేరుగా ల్యాబ్‌కు వెళ్లింది. 2003లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి. ఒక్కో ముందుపంటిలో దొరికిన మూలకణాలు 12 నుంచి 20 మాత్రమే, కానీ అవి చాలా వేగంగా పెరిగాయి. మరుసటి ఏడాది, పంటిని దవడకు కట్టి ఉంచే సన్నటి నారపొరలోనూ మూలకణాలు కనిపించాయి.

పంటికీ ముఖ నిర్మాణానికీ సంబంధం ఏమిటన్నది ఇక్కడే తెలుస్తుంది. పిండం రూపుదిద్దుకునే తొలి వారాల్లో, వెన్నుపాముగా మారబోయే గొట్టం అంచు నుంచి న్యూరల్ క్రెస్ట్ అనే కణాల గుంపు బయల్దేరి ముఖం వైపు వలస వస్తుంది. దవడలు, చెంప ఎముకలు, పంటి గుజ్జు, దాని చుట్టూ ఉండే గట్టి పదార్థం డెంటిన్ అన్నీ ఆ గుంపు సంతతే. తుంటి ఎముక, కాలి ఎముకల వంశం వేరు. పంటి నుంచి తీసిన కణంతో దవడలో గుంత పూడ్చవచ్చేమో అన్న ఆశకు ఈ చుట్టరికమే ఆధారం.

పంటి పైన ఉండే గట్టి పొర ఎనామెల్ ఒక్కటే ఈ ఇంటిది కాదు. అది నోటి పైపొర నుంచి వస్తుంది. పైగా దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికే రాలిపోతాయి. అరిగిన ఎనామెల్ ఎందుకు తిరిగి పెరగదో, ల్యాబ్‌లో పూర్తి పన్ను ఎందుకంత కష్టమో ఈ ఒక్క విషయం చెబుతుంది.

పంటి లోపలి గది, దానికున్న ఒకే ఒక్క తలుపు

గుజ్జు చచ్చిపోయిన పంటికి ఇప్పుడు చేసేది రూట్ కెనాల్. "నరం తీసేశారు" అంటారు కానీ తీసేది నరం ఒక్కటే కాదు. రక్తనాళాలు, కణాలు అన్నీ పోతాయి. ఆ ఖాళీని శుభ్రం చేసి రబ్బరు లాంటి పదార్థంతో నింపుతారు. పెద్దవాళ్లకు ఇది మంచి చికిత్సే. పన్ను ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ఇబ్బంది పిల్లల దగ్గర వస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లవాడు పడిపోయి ముందుపంటికి దెబ్బ తగిలిందనుకుందాం. ఆ పంటి వేరు అప్పటికి పూర్తిగా పెరగదు. గోడలు పల్చగా ఉంటాయి, కొన గరాటులా తెరుచుకుని ఉంటుంది. గుజ్జు చచ్చిపోతే వేరు పెరుగుదల కూడా ఆగిపోతుంది. ఆ పల్చటి గోడల పన్ను తర్వాత ఎప్పుడో చిన్న దెబ్బకే విరిగిపోవచ్చు.

ఇలాంటి పళ్లకు 2001లో జపాన్ నుంచి, 2004లో అమెరికా నుంచి వచ్చిన నివేదికలు కొత్త దారి చూపాయి. ముందు పంటి లోపలి ఇన్ఫెక్షన్‌ను యాంటీబయాటిక్‌లతో తగ్గిస్తారు. తర్వాత సన్నటి సూదిలాంటి పనిముట్టును వేరు కొన దాటేలా గుచ్చుతారు. కింది నుంచి రక్తం ఊరి పంటి గదిలోకి ఎక్కుతుంది. అది గడ్డకట్టేదాకా ఆగి, పైన సిమెంటు లాంటి పదార్థంతో మూసేస్తారు. ఆ రక్తంతోపాటు వేరు కొన దగ్గరుండే మూలకణాలు కూడా లోపలికి వస్తాయి. ల్యాబ్ అక్కర్లేదు, కణాల పెంపకం అక్కర్లేదు. చాలా పళ్లలో వాపు తగ్గి, కొన మూసుకుంది. కొన్నింట్లో వేరు పొడవు కూడా పెరిగింది.

అయితే లోపల పెరిగింది గుజ్జేనా? ఇలా చికిత్స పొంది తర్వాత వేరే కారణంతో తీయాల్సి వచ్చిన పళ్లను కోసి చూస్తే, చాలాసార్లు కనిపించింది ఎముకలాంటి, వేరు పైపొరలాంటి కణజాలం. అంటే గాయం మానింది, పోయిన భాగం తిరిగి రాలేదు. దంతవైద్యంలో "పునరుత్పత్తి" అన్న మాట కనిపించినప్పుడల్లా ఈ రెంటిలో ఏది జరిగిందో చూసుకోవడం మంచిది.

2018లో చైనాలోని షియాన్ నగరం నుంచి వచ్చిన ఫలితం ఇందుకే ప్రత్యేకం. దెబ్బ తగిలి ముందుపన్ను చచ్చిపోయిన 40 మంది పిల్లలను తీసుకున్నారు. 30 మందికి, వాళ్ల నోట్లోనే ఇంకా మిగిలి ఉన్న పాలపంటిని తీసి, అందులోని కణాలను ల్యాబ్‌లో పెంచి, దెబ్బతిన్న పంటిలో పెట్టారు. మిగతా 10 మందికి మామూలు చికిత్స చేశారు. ఏడాది తర్వాత కణాలు పెట్టినవారిలో 26 మందిని పరీక్షిస్తే వేర్లు పొడవయ్యాయి, కొనలు సన్నబడ్డాయి, రక్తప్రసారం, స్పర్శ తిరిగి వచ్చిన గుర్తులు కనిపించాయి. చికిత్స తర్వాత మళ్లీ దెబ్బ తగలడంతో తీయాల్సి వచ్చిన పంటిని కోసి చూస్తే, డెంటిన్ తయారుచేసే కణాల వరుస, రక్తనాళాలు ఉన్నాయి. దంత మూలకణాల రంగంలో ఇప్పటికీ చెప్పుకోదగ్గ ఆధారం ఇదే అనవచ్చు.

మరి పెద్దవాళ్లకు ఎందుకు చేయరు? జవాబు వేరు కొనలో ఉంది. పూర్తిగా పెరిగిన పంటి వేరు కొనలో రంధ్రం దాదాపు 0.3 మిల్లీమీటర్లు, అంటే మూడు నాలుగు వెంట్రుకల మందం. పంటి లోపలికి రక్తం వెళ్లే అసలు దారి అదే. బతికున్న కణం రక్తనాళానికి 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. లేకపోతే ఆక్సిజన్ అందక చస్తుంది. వేరు లోపలి కాలువ పొడవేమో పది మిల్లీమీటర్లకు పైనే. పెట్టిన కణాలు ఎంత మంచివైనా, కింది నుంచి నాళాలు పాక్కుంటూ పైకి వచ్చేదాకా బతకాలి కదా! పిల్లల పంటికి ఆ తలుపు బార్లా తెరిచి ఉంటుంది. షియాన్ పరీక్ష నెగ్గడానికి కణాల గొప్పతనం ఎంత కారణమో ఆ తెరిచి ఉన్న కొన కూడా అంతే కారణం.

జపాన్‌లో 2017లో ప్రచురితమైన ఒక చిన్న ప్రయత్నం పెద్దవాళ్ల పళ్లలోనూ దీన్ని చేసి చూసింది. ఐదుగురికి, వాళ్ల జ్ఞానదంతం లాంటి అక్కర్లేని పంటి నుంచి తీసిన కణాలను, కణాలను ఆకర్షించే ఒక ప్రోటీన్‌తో కలిపి పెట్టారు. హాని జరగలేదు, ఆశాజనక గుర్తులు కనిపించాయి. కానీ ఐదుగురితో చెప్పగలిగేది అంతవరకే.

ఇంజెక్షన్ వార్త వేరే కథ

జపాన్ ఇంజెక్షన్‌కు మూలకణాలు ఎక్కించడంతో సంబంధం లేదు. అది యూఎస్ఏజీ-1 అనే ప్రోటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీ. ఆ ప్రోటీన్ పంటి మొగ్గ ఎదగకుండా బ్రేకు వేస్తుంది. బ్రేకు తీస్తే ఆగిపోయిన మొగ్గ ఎదగవచ్చన్నది ఆలోచన. ఎలుకల్లో, ముంగిసలాంటి ఫెర్రెట్లలో అది పనిచేసిందని 2021లో ప్రచురించారు. 2024లో క్యోటో విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో తొలిదశ పరీక్ష మొదలైంది. అందులో 30 నుంచి 64 ఏళ్ల వయసున్న, కనీసం ఒక పన్ను లేని 30 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు స్థానం ఇచ్చారు. తొలిదశలో ప్రధానంగా చూసేది మందు సురక్షితమా కాదా అనే. ఆ తర్వాత గురి పెట్టింది పుట్టుకతోనే పళ్లు లేని పిల్లలపై. పుచ్చి పీకించుకున్న పన్ను తిరిగి వస్తుందన్నది శీర్షికలు రాసేవాళ్లు కలిపిన మాట.

పూర్తి పన్నును తయారుచేయడం ఎలుకల్లో జరిగింది. 2009లో జపాన్ పరిశోధకులు ఎలుక పిండాల నుంచి తీసిన రెండు రకాల కణాలతో పంటి మొగ్గను కట్టి, పెద్ద ఎలుక దవడలో నాటారు. అది మొలిచింది, నమిలింది, నొప్పినీ గుర్తించింది. మనుషుల్లో ఇదే చేయాలంటే ఎనామెల్ ఇచ్చే పైపొర కణాలు కావాలి, అవి పెద్దవాళ్ల నోట్లో ఉండవు. బోస్టన్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ బృందం ఈ లోటును తీర్చడానికే పంది కణాలనూ మనిషి గుజ్జు కణాలనూ కలిపి పందుల దవడల్లో పంటిలాంటి నిర్మాణాలను పెంచింది. ఆ ఫలితాలు 2024 చివర్లో వచ్చాయి. లండన్ కింగ్స్ కాలేజీ జెల్ కూడా ఈ రెండు రకాల కణాలు ఒకదానితో ఒకటి "మాట్లాడుకునే" వాతావరణాన్ని కల్పించే ప్రయత్నమే. ఇవి కుదిరినా సమయం మాటేమిటి? శాశ్వత ముందుపన్ను గట్టిపడటం పసితనంలోనే మొదలవుతుంది, బయటికి వచ్చేది ఆరేడేళ్లకు. కొన్ని నెలల్లో ఇంప్లాంట్ పని పూర్తవుతున్నప్పుడు ఎవరు అంతకాలం ఆగుతారన్నది కూడా ఆలోచించాల్సిందే.

చిగుళ్ల దగ్గర లెక్క తేలలేదు

చిగుళ్ల జబ్బులో పంటి చుట్టూ ఎముక కరిగి పన్ను కదులుతుంది. నారపొర కణాలను పెంచి ఆ గుంతలో పెడితే ఎముక, నారపొర రెండూ తిరిగి వస్తాయన్న ఆలోచన చూడటానికి సూటిగానే ఉంది. జపాన్‌లో పదిమందికి కణాల పొరలను అతికించి చూశారు, అందరిలోనూ మెరుగుదల కనిపించింది. 2016లో చైనా బృందం మరో అడుగు వేసి, 30 మందిని తీసుకుని కొందరికి ఎముక పొడి మాత్రమే, కొందరికి పొడితోపాటు కణాలు పెట్టింది. ఎముక రెండు గుంపుల్లోనూ పెరిగింది. రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

పోలిక లేని పరీక్షను ఎందుకు అనుమానంగా చూడాలో ఈ రెండు పరీక్షలూ కలిపి చెబుతాయి. కణాలు పెట్టిన పదిమందికీ నయమైందంటే, అది కణాల వల్లా, శుభ్రం చేసి పొడి నింపడం వల్లా? పక్కన రెండో గుంపు లేనిదే తెలియదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పెట్టిన కణాలు నిజంగా ఎముకగా మారుతున్నాయా అన్నదే వివాదం. మజ్జ, కొవ్వు, పంటి గుజ్జు లాంటి చోట్ల దొరికే ఇలాంటి కణాలకు మీసెంకైమల్ స్టెమ్ సెల్ అన్న పేరును 1991లో వాడుకలోకి తెచ్చిన ఆర్నాల్డ్ కాప్లాన్, ఆ పేరు మార్చాలని 2017లో స్వయంగా వాదించారు. అవి తాము వెళ్లి కణజాలంగా మారడం కంటే, చుట్టుపక్కల కణాలకు సంకేతాలు పంపి వాటితో పని చేయిస్తాయన్నది ఆయన వాదన. మనం మేస్త్రీ అనుకున్నది నిజానికి కబురు తెచ్చేవాడినన్నమాట. అదే నిజమైతే కణం బదులు కబురునే మందుగా ఇవ్వవచ్చు. కింగ్స్ కాలేజీ బృందం 2017లో ఎలుకల పళ్లకు చేసింది ఇలాంటిదే. టైడెగ్లూసిబ్ అనే రసాయనాన్ని చిన్న కొలాజెన్ స్పాంజిలో పెట్టి పంటి రంధ్రంలో ఉంచితే, పంటి సొంత కణాలే డెంటిన్‌తో రంధ్రాన్ని పూడ్చాయి.

వీపులో పెరిగిన దవడ

క్యాన్సర్ కోసం దవడలో పెద్ద ముక్క తీసేశాక ముఖం కుంగిపోతుంది, నమలడం పోతుంది, మాట మారుతుంది. 1989 నుంచి దీనికి వాడుతున్న పద్ధతి మోకాలి కింద ఉండే సన్నటి ఫిబులా ఎముకను తెచ్చి అమర్చడం. దాన్ని ఒట్టి ఎముకగా తేరు, దాని ధమని, సిరలతో సహా తెస్తారు. మైక్రోస్కోప్ కింద ఆ నాళాలను మెడలోని నాళాలకు కుడతారు. ఈ ఎముక అతుక్కోవడానికి కారణం అదే, వచ్చేటప్పుడే నెత్తురు దారిని వెంట తెచ్చుకుంటుంది. కాలిలో గాయం, గంటల తరబడి సర్జరీ దీనికి చెల్లించాల్సిన మూల్యం.

2004లో జర్మనీలోని కీల్ నగర వైద్యులు ఇదే సూత్రాన్ని వేరేలా వాడారు. రోగి 56 ఏళ్ల మనిషి. కింది దవడలో పెద్ద భాగం పోయి తొమ్మిదేళ్లుగా సూపుతో, మెత్తటి తిండితో నెట్టుకొస్తున్నాడు. స్కాన్ చూసి అతని దవడ ఆకారంలో టైటానియం జాలి చేశారు. అందులో ఎముక ఖనిజపు ముక్కలు, ఎముకను పెంచే ప్రోటీన్, అతని సొంత ఎముక మజ్జ నింపారు. దాన్ని దవడలో పెట్టలేదు. వీపు కండరంలో కుట్టేశారు. ఏడు వారాల్లో కండరంలోని నాళాలు జాలిలోకి పాకాయి, ఎముక ఏర్పడింది. అప్పుడు నాళాలతో సహా కోసి దవడకు మార్చారు. నాలుగు వారాలకు అతను రొట్టె, సాసేజ్ నమిలి తిన్నాడు.

వార్తలు అక్కడితో ఆగాయి. అదే బృందం తర్వాత రాసిన వివరాలు అంత ప్రచారం పొందలేదు. కొంతకాలానికి జాలి విరిగింది, ఇన్ఫెక్షన్ వచ్చింది. 15 నెలలకు గుండె ఆగి రోగి చనిపోయాడు. ఆ విధానం పనికిరాదని దీని అర్థం కాదు. ఆ ఎముకలో మజ్జ కణాల వంతెంత, ప్రోటీన్ వంతెంత అన్నది కూడా ఒక్క రోగితో తేలదు.

2009లో ఫిన్లాండ్ వైద్యులు పై దవడకు దాదాపు ఇలాగే చేశారు. ఈసారి రోగి కొవ్వు నుంచి తీసిన మూలకణాలను బయట పెంచి, జాలిలో నింపి, పొట్ట కండరంలో ఎనిమిది నెలలు ఉంచారు. రెండు చోట్లా ల్యాబ్ చేయలేని పనిని కండరం చేసింది. కణాలను కోట్లలో పెంచడం తెలుసు కానీ వాటి మధ్య నాళాల వలను అల్లడం ఇంకా ఒంటికే బాగా తెలుసు.

గుంత చిన్నదైతే ఈ సమస్య తగ్గుతుంది. గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లల చిగురు ఎముకలో ఉండే చీలికను సాధారణంగా తుంటి ఎముక నుంచి తెచ్చిన ముక్కలతో పూడుస్తారు. తుంటి దగ్గర నొప్పి, మచ్చ మిగులుతాయి. బ్రెజిల్ వైద్యులు దీనికి బదులు పాలపంటి కణాలను కొలాజెన్ పదార్థంతో కలిపి వాడి చూశారు. పక్కనే బతికున్న ఎముక ఉండే చిన్న చీలిక కాబట్టి, కణాల చికిత్స ముందుగా స్థిరపడే చోట్లలో ఇదొకటి కావచ్చు.

కొందరి ముఖం పూర్తిగా ధ్వంసమైనప్పుడు దాత ముఖాన్ని అమర్చే పద్ధతి 2005లో ఫ్రాన్స్‌లో మొదలైంది. అక్కడ నాళాలు, నరాలు అన్నీ సిద్ధంగా వస్తాయి. బదులుగా రోగనిరోధక శక్తిని అణిచే మందులు జీవితాంతం మింగాలి. సొంత కణాలకు ఆ బాధ ఉండదు. ఇన్ని చిక్కులున్నా పరిశోధకులు మూలకణాలను వదలకపోవడానికి ఇది పెద్ద కారణం.

కొవ్వు, కనురెప్ప

కుంగిన చెంపను నింపడానికి పొట్ట కొవ్వును ఎక్కిస్తే, చాలా భాగం నెలల్లోనే కరిగిపోతుంది. 2013లో డెన్మార్క్ పరిశోధకులు, బయట పెంచిన మూలకణాలను కలిపిన కొవ్వునూ మామూలు కొవ్వునూ వాలంటీర్ల చేతుల్లో ఎక్కించి పోల్చారు. 121 రోజుల తర్వాత మొదటిది 80.9 శాతం నిలిచింది, రెండోది 16.3 శాతం. పోలికతో చేసిన పరీక్ష కావడం వల్ల ఈ అంకెలకు బరువుంది. అయితే అది చేతిలో, ఆరోగ్యవంతుల్లో.

క్లినిక్‌లలో "స్టెమ్ సెల్ ఫేస్‌లిఫ్ట్" పేరుతో అమ్మేది ఇది కాదు. కాలిఫోర్నియాలో ఒకామెకు కొవ్వు నుంచి తీసిన కణాలను కళ్ల చుట్టూ ఎక్కించారు. అదే సమయంలో ముడతలు నింపే, కాల్షియం ఉన్న ఫిల్లర్ కూడా వేశారు. కొన్ని నెలలకు కన్ను తెరిచినప్పుడల్లా టిక్ టిక్‌మని చప్పుడు. కనురెప్పలో ఎముక ముక్కలు పెరిగి ఒకదానికొకటి తగులుతున్నాయి! వాటిని తీయడానికి సర్జరీ చేయాల్సి వచ్చింది. ఎముకగా మారగల కణానికి పక్కనే కాల్షియం దొరికింది, ఆగమని చెప్పేదేమీ లేదు.

రోగి రక్తాన్ని తిప్పి తీసే పీఆర్పీ, పీఆర్ఎఫ్‌లను కూడా కొందరు మూలకణాలంటారు. అవి ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న రక్త భాగాలు. గాయం మానడానికి ఉపయోగపడవచ్చు, మూలకణ చికిత్స మాత్రం కాదు. అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ మీసెంకైమల్ మూలకణాల ఉత్పత్తిని తొలిసారి ఆమోదించింది 2024 డిసెంబరులో. అదీ మజ్జ మార్పిడి తర్వాత పిల్లల్లో వచ్చే ఒక తీవ్ర సమస్యకు. పంటికో ముఖానికో కాదు.

పాలపళ్ల బ్యాంకు లెక్క

తల్లిదండ్రులను ఎక్కువగా తికమక పెట్టే ప్రశ్న పాలపళ్లను దాచాలా అన్నది. షియాన్ పరీక్షలో వాడినవి బ్యాంకులో ఏళ్లపాటు దాచిన పళ్లు కావు, అదే పిల్లల నోట్లో ఆ సమయానికి ఉన్నవే. జర్మనీలో వాడింది మజ్జ, ఫిన్లాండ్‌లో కొవ్వు. రెండూ ఏ వయసులోనైనా దొరుకుతాయి. పెద్దయ్యాక చాలామందికి జ్ఞానదంతం ఉండనే ఉంటుంది. అంటే ఇప్పటిదాకా పనిచేసిన ఏ పద్ధతికీ చిన్నప్పుడు దాచిన పన్ను తప్పనిసరి కాలేదు. రేపు అవసరం పడవచ్చన్నది అమ్మేవాళ్ల మాట. అది అబద్ధమని తేల్చలేం కానీ, డబ్బు కట్టేది అయిన పనికి కాదు, కావచ్చనే పనికి.

దాచుకునేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. పంటి నుంచి కణాలను తీసి, పెంచి, బతికున్నాయని పరీక్షించి గడ్డకట్టిస్తారా, లేక పన్నును అలాగే ఫ్రీజర్‌లో పెడతారా? ఎంత మందికి ఆ కణాలను తిరిగి ఇచ్చారు, వాటితో ఏ చికిత్స జరిగింది? ఇక పన్ను దానంతటదే ఊడేదాకా ఆగితే చాలాసార్లు ఆలస్యమే అవుతుంది. అప్పటికి వేరు కరిగిపోయి, పన్ను చిగురుకు ఒక పోగుతో వేలాడుతూ ఉంటుంది. ఆ స్థితిలో లోపలి గుజ్జుకు రక్తం అందడం ఆగిపోయి ఉంటే, అందులో పెంచడానికి బతికున్న కణం మిగలదు.